నీడలో పన్నెండో ప్యానెల్

చర్చి వెనక వీధి,
మా వంటగది

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని మొదటి ముక్కకే విసుక్కోకు. నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు ఎవరింటి కప్పు మీదో ఉంటావు. "ఆ అక్కా, ఆ అక్కా" అంటూ స్క్రూలు బిగించుకుంటావు. సాయంత్రానికి నేను చెప్పింది ఒక్క ముక్క గుర్తుండదు. రాసిస్తే నా మాట నీ జేబులో ఉంటుంది. నువ్వూ ఉత్తరమే రాయి, నీ చేతిరాత మరీ కోడి గీకినట్టయిపోయింది.

సంగతేమిటంటే, నా ఆర్గన్‌కి తాళం వేశారు.

మా చర్చి కోశాధికారి తెలుసుగా, నడుముకి తాళాలగుత్తి కట్టుకుని గలగలమంటూ తిరుగుతాడు, మేమంతా తాళాలాయన అంటాం. ఆయన కరెంటు బిల్లు తెచ్చి కమిటీ ముందు పరిచాడు. దీపాలన్నీ కలిపి తినేదానికంటే ఆర్గన్‌లోకి గాలి కొట్టే మోటారు ఒక్కటే ఎక్కువ తింటోందట. "అది వాయిద్యం కాదమ్మా, ఏనుగు. దాన్ని మేపలేం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మూత దించేసి తాళం బిగించాడు. ఫాదరుగారు మంచి మనిషే కానీ ఏం లాభం, ఆ పూటకి ఆయన కిటికీ అద్దాల అందం చూస్తూ నిలబడ్డారు.

ఇప్పుడు ఆదివారం పాట వినాలి నువ్వు. గంట కొట్టే ఆయన ఒక శృతిలో ఎత్తుకుంటాడు, బేకరీ ఆవిడ ఇంకో శృతిలో అందుకుంటుంది, మిగతావాళ్ళు ఎవరి వెనక పోవాలో తెలియక మధ్యలో ఆగిపోతారు. మొన్న ఒకే పాట రెండుసార్లు ముగిసింది.

నా వేళ్ళు ఊరుకోవడం లేదురా. వంట బల్ల మీద వాయిస్తున్నాను. నిన్న వాయిస్తూ వాయిస్తూ పొయ్యి మీద కూర మర్చిపోయాను. మీ బావ పక్క గదిలోంచి, "ఏం పాటో గానీ మాడు వాసన వస్తోంది" అన్నాడు. గిన్నె ఎత్తి సింకులో పడేశాను. ఆ మోత మాత్రం మంచి శృతిలో ఉందన్నాడు. ఇదీ నా బతుకు.

అందుకని నువ్వొచ్చి చర్చి కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టాలి. ఊళ్ళోవాళ్ళ కప్పులన్నీ ఎక్కావు, అక్క చర్చి ఎక్కలేవా? ఎప్పుడొస్తావో రాయి. "చూద్దాం" అని రాశావంటే నేనే అక్కడికి వస్తాను, జాగ్రత్త.

మీ అక్క


పట్నం,
గోదాం మేడ మీద గది

అక్కకు,

ముద్ర పడింది! నేను వచ్చి కొలతలు తీసుకుని, గంట గదిలో తల పగలగొట్టుకుని వెళ్ళి ఇన్ని నెలలయింది. పాత కట్టడాల ఆఫీసరు చుట్టూ తిరగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తలకే నాలుగు కుట్లు కూడా ఉన్నాయి, మర్చిపోకు.

ఆయన షరతులు విను. వీధిలోంచి చూస్తే ప్యానెల్ ముక్క కూడా కనపడకూడదు. పాత పలకరాళ్ళ కప్పుకి ఒక్క చిల్లు పడకూడదు. రేపు వద్దనుకుంటే ఆనవాలు లేకుండా తీసేసేలా ఉండాలి. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని షరతులు పెట్టరు. సరే, దక్షిణం వైపు కప్పుకి ముందు పిట్టగోడ ఉంది కదా, దాని వెనక దాచేస్తాం. చట్రాలు తమ బరువు మీదే నిలబడతాయి, మేకు దిగదు. సరిగ్గా పన్నెండు పడతాయి.

డబ్బు సంగతి. పాత చర్చిల ట్రస్టు ఒకటి ముందుకొచ్చింది. చట్రాలు, తీగలు, కరెంటు మార్చే పెట్టె, మా కూలి అంతా వాళ్ళదే. పన్నెండు ప్యానెళ్ళు మాత్రం చర్చివాళ్ళు కొనుక్కోవాలి. పన్నెండూ పూర్తయితేనే వాళ్ళ డబ్బు వస్తుంది. పదకొండు దగ్గర ఆగితే పైసా రాలదు. నేను పదకొండుతో సరిపెడదామన్నాను. ఆఫీసరు ముద్ర వేసిన బొమ్మలో పన్నెండున్నాయి, ఒకటి తగ్గిస్తే మళ్ళీ మొదటినుంచి తిరగాలి. నేను తిరగను అక్కా. నీ మీద ఒట్టు.

ఒక చిన్న చిక్కుంది. పడమటి చివర ఉన్న పన్నెండో ప్యానెల్ మీద మధ్యాహ్నం దాటాక గంట గోపురం నీడ పడుతుంది. ఇవన్నీ గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒకటి నీడలో పడితే మిగతావాటినీ కిందికి లాగుతుంది. దానికి మందు నా దగ్గర ఉంది, ఒక్కోదానికి చిన్న పెట్టె తగిలిస్తే ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. కాబట్టి నువ్వు కంగారుపడకు. ఈ నీడ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. జనానికి చెప్తే ఒకటి పది చేస్తారు.

బావ ఏమంటున్నాడు?

నీ తమ్ముడు


చర్చి వెనక వీధి,
మా వంటగది

ఒరేయ్ బంగారం,

నా నెత్తిన పాలు పోశావు. తల కుట్లు ఎలా ఉన్నాయి?

డబ్బుకి నేనొక ఉపాయం చెప్పాను, కమిటీ అంతా నోరు వెళ్ళబెట్టింది. ఒక్కో కుటుంబం ఒక్కో ప్యానెల్, పోయినవాళ్ళ పేరు మీద. చర్చి వసారాలో చెక్క బోర్డు పెట్టి, కప్పు మీద ఉన్న వరసలోనే పేర్లు రాయిస్తాం. మొదటిది అమ్మానాన్నలది, నా దగ్గరున్నదంతా ఊడ్చి ఇచ్చేశాను. తాళాలాయన వెంటనే రూలు పెట్టాడు: బతికున్నవాళ్ళ పేర్లు కుదరవు, పెడితే ఎవరు గొప్పో తేలేదాకా కొట్టుకు చస్తారు, పోయినవాళ్ళయితే నోరెత్తరు అని.

పోయినవాళ్ళు ఎత్తలేదు నిజమే. వాళ్ళ పిల్లలున్నారుగా!

రెండు ఆదివారాల్లోనే తొమ్మిది ప్యానెళ్ళు అమ్ముడుపోయాయి. మూడోది బేకరీ ఆవిడ వాళ్ళ నాన్నకి తీసుకుంది, నాలుగోది సెలూన్ ఆయన వాళ్ళ నాన్నకి. ఆ ఇద్దరు పెద్దమనుషులూ పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఒకరి చూరు నీళ్ళు ఇంకొకరి గుమ్మంలో పడ్డాయని మాటలు మానేశారు, అలాగే పోయారు. ఇప్పుడు బేకరీ ఆవిడ వచ్చి, "మా నాన్న పక్కన ఆయన్ని పడుకోబెడతారా? ఆ వైపు నుంచి వాననీళ్ళు మళ్ళీ మావాళ్ళ మీదికే కదా జారేది" అంది. సెలూన్ ఆయన కత్తెర పట్టుకునే వచ్చాడు, సగం జుట్టు కత్తిరించిన మనిషిని కుర్చీలో వదిలేసి మరీ.

ఇంకొకావిడ వాళ్ళాయనకి తీసుకున్న ఏడోది వద్దంటుంది, ఎందుకంటే ఎనిమిదోది పాటలు నేర్పే టీచరమ్మది. "బతికున్నప్పుడు ఆవిడ పక్కన కూర్చోవాలని ఎంత చూశాడో, ఇప్పుడు నేను డబ్బిచ్చి మరీ కూర్చోబెట్టాలా" అని తనే పదోదానికి మార్పించింది. ఇక తాళాలాయన సణుగుడు వేరే: వీధిలోకి కనపడకుండా దాచిపెడితే ఇచ్చినవాళ్ళ గొప్ప ఎవరికి తెలుస్తుందట.

రొట్టెలు చుట్టే కాగితం మీద కొత్త వరస గీసి పంపుతున్నాను. బేకరీ నాన్న మూడులోనే ఉంటాడు, సెలూన్ నాన్న తొమ్మిదికి వెళ్తాడు. దీని ప్రకారం తీగలు మార్చెయ్.

మీ బావ ఏమంటాడా? ఏమీ అనడు. కుర్చీ, ఆయన. బస్సు తోలినన్నాళ్ళూ కూర్చునే ఉన్నాడు, రిటైరయ్యాకా కూర్చునే ఉన్నాడు. ఆయన్నడిగినా ఒకటే, గోడనడిగినా ఒకటే.

మీ అక్క


పట్నం,
గోదాం మేడ మీద గది

అక్కా,

నేను కరెంటు పని చేసేవాణ్ణి. పెళ్ళి పందిట్లో వియ్యాలవారికి కుర్చీలు సర్దేవాణ్ణి కాను.

నీ కాగితం చూశాను. దాని మీద వెన్న మరక ఉంది, ఆ మరక కింద ఎవరున్నారో నాకు తెలియలేదు. ఐదో ఆయన అనుకుంటాను. ఎవరు ఎక్కడున్నా కరెంటుకి ఒకటే. కప్పు మీద నువ్వు ఎవరిని ఎంత దూరం పెట్టినా, కింద తీగలో అందరూ కలిసే వస్తారు. బేకరీ నాన్న ఇచ్చిన కరెంటు, సెలూన్ నాన్న ఇచ్చిన కరెంటు ఒకే పెట్టెలో కలిసిపోయి నీ మోటారు తిప్పుతాయి. దయచేసి ఈ మాట బేకరీ ఆవిడ చెవిన వెయ్యకు. ఆవిడ తన నాన్నకి వేరే తీగ లాగమంటుంది, నాకు తెలుసు.

బోర్డు మీద పేర్లు నీ ఇష్టమొచ్చినట్టు రాయించుకో. కప్పు ఎక్కి చూసేదెవరు? అన్నీ ఒకేలా ఉంటాయి, నల్లగా.

నీడ గురించి మాత్రం నోరు జారకు. మళ్ళీ చెప్తున్నాను. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

నీ తమ్ముడు


చర్చి వెనక వీధి,
మా వంటగది

తమ్ముడూ,

జారాను.

నా తప్పేం లేదురా. నిజంగా లేదు. సెలూన్ ఆయన వచ్చి పన్నెండోది ఎందుకు ఖాళీగా ఉందని అడిగాడు. నేను "అది కొంచెం చివరగా ఉంటుంది" అన్నాను. "చివరైతే ఏం" అన్నాడు. "కొంచెం చల్లగా ఉంటుంది" అన్నాను. "ఎందుకు చల్లగా ఉంటుంది" అన్నాడు. అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసు కదా, ఆయన చెవుల దగ్గర పని చేసే మనిషి, వెంటనే పట్టేశాడు. చెప్పేశాను. నీడ, గొలుసు, కిందికి లాగడం, అన్నీ. నీ చిన్న పెట్టె గురించి కూడా చెప్పాను కానీ అప్పటికి ఎవరూ వినడం లేదు.

అప్పట్నుంచి చర్చి అయ్యాక అందరూ చేరి, పోయినవాళ్ళలో ఎవరు ఎవరిని కిందికి లాగారో లెక్కలు తీస్తున్నారు. ఎవరి తాత చీట్ల పేకలో పొలం పోగొట్టాడు, ఎవరి మామ పెళ్ళి సంబంధం చెడగొట్టాడు, అన్నీ బయటికొచ్చాయి. బేకరీ ఆవిడ నిలబడి, "సెలూన్ వాళ్ళ నాన్నని నీడలో పెట్టండి, సరిపోతుంది" అంది. సెలూన్ ఆయన, "మా నాన్న జీవితమంతా ఇరుకు కొట్లో నిలబడ్డాడు, పోయాకైనా ఆయన ఎండ చూడొద్దా" అని ఏడ్చేశాడు. ఆయన ఏడిస్తే బేకరీ ఆవిడా ఏడ్చింది. అయినా పట్టు వదల్లేదు.

ఫాదరుగారు చీటీలు వేద్దామన్నారు. చీటీ వచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళని బతిమాలి, కాళ్ళావేళ్ళా పడి, మళ్ళీ పాత చోటే ఇచ్చాం. అప్పుడు ఫాదరుగారు, తనకి ముందు ఇక్కడ పనిచేసి పోయిన ఫాదరు పేరు పన్నెండోదానికి పెట్టి డబ్బు తనే ఇస్తానన్నారు. ఆ ముసలాయన్ని నీడలోకి తోస్తారా అని సగం మంది లేచి నిలబడ్డారు. ఇప్పుడు పదకొండు నిండాయి. పన్నెండు ఎవరికీ వద్దు.

పన్నెండోది తీసుకుంటారా అని మా అత్తగారిని అడిగాను. "ఏమ్మా, నేను పోయేదాకా ఆగలేకపోతున్నావా" అంది. అవతల అదొక గొడవ.

ఇక నవ్వే సంగతి కాదురా. నెలాఖరుకి పన్నెండు నిండకపోతే ట్రస్టువాళ్ళు వెనక్కి పోతారు. తాళాలాయన ఆర్గన్ కొనేవాణ్ణి కూడా తెచ్చాడు. ఎవరో హోటలాయన. వాయించడానికి కాదు, వచ్చేవాళ్ళు చూసి ముచ్చటపడడానికి హాల్లో పెడతాడట. గొట్టాల మధ్య పూలకుండీలు పెడితే బాగుంటుందా అని నన్నే అడిగాడు. నేను ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. పదో ఏట ఆ బల్ల మీద కూర్చున్నానురా నేను. అప్పుడు కాళ్ళు కింది పెడళ్ళకి అందేవి కావు. దాన్ని పూలకుండీల పాలు చేస్తే నేను మళ్ళీ ఆ చర్చి గడప తొక్కను.

ఏదో ఒకటి చెయ్యి.

మీ అక్క


పట్నం,
గోదాం మేడ మీద గది

అక్కకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత మా ఆవిడ చదివి నన్ను తిట్టింది. తిట్టాక తనూ నవ్వింది. పూలకుండీల దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం.

పన్నెండోది నేనే ఇద్దామనుకున్నాను. ట్రస్టువాళ్ళని అడిగాను. పని చేసేవాడు చందా ఇవ్వకూడదట, అనుమానాలొస్తాయట. చనిపోయినవాటి పేరైతే చాలంటే నా పాత స్కూటర్ ఉంది. నిజంగానే చచ్చిపోయింది, నా కళ్ళముందే, నడిరోడ్డు మీద. తాళాలాయన ఒప్పుకుంటాడేమో అడుగు. ఒప్పుకోడులే.

హోటల్ లారీ వస్తే నాకు కబురు చెయ్యి. దాని చక్రాల కింద నేను పడుకుంటాను. నా తల ఎలాగూ కుట్లేసిందే.

ఇంకో మాట. బావ నాకు ఫోన్ చేశాడు. అవునక్కా, బావే, తనంతట తనే. నేను మొదట ఎవరో తప్పు నంబరు అనుకుని పెట్టేశాను. మళ్ళీ చేశాడు. నీడలో ఉన్న ప్యానెల్ తొందరగా పాడవుతుందా, మిగతావాళ్ళకి నిజంగా ఇబ్బంది ఉంటుందా అని అడిగాడు. పెట్టె తగిలిస్తే ఎవరికీ ఇబ్బంది లేదని చెప్పాను. "సరే, మీ అక్కకి చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు, రాశాను. ఎందుకడిగాడో నాకు తెలియదు. నువ్వు అడిగితే నా పేరు బయటపెట్టకు.

నీ తమ్ముడు


చర్చి వెనక వీధి,
మా వంటగది

ఒరేయ్,

ముందు ఒక విషయం. మీ బావ బతికే ఉన్నాడు. ఎవరైనా ఫోన్ చేసి ఏడిస్తే నమ్మకు.

నిన్న పొద్దున్నే తలుపు కొట్టారు. తీస్తే బేకరీ ఆవిడ, చేతిలో రెండు రొట్టెలు, కళ్ళనిండా నీళ్ళు. నన్ను వాటేసుకుని, "ఇంత హఠాత్తుగా ఎలా జరిగిందమ్మా, మొన్న కూడా వీధిలో కనపడ్డాడే" అంది. ఎవరి గురించో నాకర్థం కాక, ఏడుపు చూస్తే ఏడుపొస్తుంది కదా, నేనూ ఏడ్చాను. ఆవిడ వెనక సెలూన్ ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. "గడ్డం నేను వచ్చి గీస్తాను, డబ్బులొద్దు" అన్నాడు. ఇంతలో లోపల్నుంచి మీ బావ పొట్ట గోక్కుంటూ వచ్చి, "టీ ఏమైనా ఉందా" అన్నాడు. బేకరీ ఆవిడ కెవ్వుమని రొట్టెలు వదిలేసింది. సెలూన్ ఆయన గోడకి అతుక్కుపోయాడు. మీ బావ ఒంగి రొట్టె తీసి దుమ్ము దులిపి, "వేడిగా ఉందే" అని తుంచుకుని తిన్నాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా చర్చికి పరిగెత్తాను. వసారా బోర్డు మీద పన్నెండో చోట మీ బావ పేరు. పుట్టిన సంవత్సరం, పక్కన గీత, గీత తర్వాత ఖాళీ.

ఫాదరుగారు చెప్పారు జరిగింది. ముందురోజు సాయంత్రం మీ బావ వచ్చి తాళాలాయన ముందు డబ్బు పెట్టాడట. తన చావు ఖర్చులకని, ఎవరి మీదా పడకూడదని, విడిగా దాచుకున్న డబ్బు. నాకు తెలియదురా ఆ డబ్బున్నట్టు. తాళాలాయన, "రూలు పోయినవాళ్ళకే" అన్నాడట. "నేనూ పోతాను కదా. పెద్ద తొందరేం లేదు గానీ పోవడం ఖాయం. ముందే బుక్ చేసుకుంటే తప్పా? బస్సులో సీటు అలాగే ఇస్తారు" అన్నాడట. తాళాలాయన తారీఖు ఏం రాయాలన్నాడు. "అది తర్వాత రాసుకోండి. నాకూ తెలియదు" అన్నాడట. ఫాదరుగారు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి రసీదు రాసేసి ఉంది.

ఇంటికొచ్చి అరిచాను. "నీ పేరు నీడలో ఎందుకు పెట్టావు, అదీ పోయినవాళ్ళ మధ్య? నాకు అరిష్టంగా అనిపించదా?" అన్నాను. "ఎండలో నాకు నిద్ర పట్టదు" అన్నాడు. అసలెందుకు ఇచ్చావంటే, "ఇంట్లో గిన్నెల మోత భరించలేక" అన్నాడు. మళ్ళీ పేపర్ తెరిచాడు. మా అత్తగారు మాత్రం కొడుకుని పట్టుకుని, "నాకంటే ముందు పేరెక్కించుకుంటావురా" అని కర్ర తీసుకుంది.

ఏం మనిషిరా ఈయన. నేను ఆర్గన్ వాయిస్తుంటే ముందున్న చిన్న అద్దంలో వెనకంతా కనపడుతుంది. ప్రతి ఆదివారం చివరి బల్ల మీద, స్తంభం పక్కన, కళ్ళు మూసుకుని మీ బావ. ఒక్క పాటకి కళ్ళు తెరిచింది లేదు. ఈ మనిషికి నా వాయింపు ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను. ఇప్పుడు తన చావు డబ్బు తెచ్చి పెట్టాడు. కోప్పడాలో కౌగిలించుకోవాలో తెలియక రెండూ చేశాను. పేపర్ చిరిగింది.

పన్నెండు నిండాయి. నువ్వు బయల్దేరు. నా మాటగా ట్రస్టువాళ్ళకి చెప్పు, పన్నెండో ఆయన ఆరోగ్యంగా ఉన్నాడని. వద్దులే, చెప్పకు.

మీ అక్క


పట్నం,
గోదాం మేడ మీద గది

అక్కా,

పని బాగా కుదిరింది. ఒక్క చిల్లు పడలేదు, ఆఫీసరు వీధిలో నిలబడి, కూర్చుని, చివరికి పడుకుని కూడా చూశాడు. ఏమీ కనపడలేదు. సంతకం పెట్టాక కాసేపు నిరాశగా ఉన్నాడు పాపం.

కానీ నేనూ ఒక పొరపాటు చేశాను. నిన్ను అన్న నోటితో ఒప్పుకోవాలి. ఏ ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తోందో ఫోన్లో కనపడుతుంది. ఆ సంగతి వచ్చేటప్పుడు సెలూన్లో గడ్డం గీయించుకుంటూ చెప్పాను. కత్తి గొంతు మీద ఉన్నప్పుడు మనిషి ఏదో ఒకటి మాట్లాడతాడు కదా.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్లు. "మా నాన్న ఇవాళ ఎంత ఇచ్చాడు?" "వాళ్ళ నాన్న ఎంత?" మొన్న బేకరీ నాన్న వెంట్రుకవాసిలో గెలిచాడు. సెలూన్ ఆయన ఒప్పుకోలేదు, వాళ్ళ నాన్న ముఖం మీద పావురం రెట్ట వేసి ఉంటుందన్నాడు, నిచ్చెన వేసుకుని ఎక్కబోతే గంటాయన కాళ్ళు పట్టి లాగాడట. టీచరమ్మ అందరికంటే ముందుంది. అది మాత్రం పదో నంబరు వాళ్ళావిడకి చెప్పలేదు. నేనూ నేర్చుకుంటున్నాను.

బావది చూశాను. పొద్దుటిపూట పన్నెండింటిలోనూ మంచి పనిమంతుడు. మధ్యాహ్నం భోజనం వేళ దాటగానే పడుకుంటాడు. ఇక లేవడు.

ఆదివారం తాళం తీస్తారట కదా. ఎలా జరిగిందో వెంటనే రాయి. మా ఆవిడ రోజూ అడుగుతోంది.

నీ తమ్ముడు


చర్చి వెనక వీధి,
మా ముందుగది

తమ్ముడూ,

తాళం తీశారు. తాళాలాయన గుత్తిలో ఆ ఒక్క తాళంచెవి దొరక్క అందర్నీ నిలబెట్టాడు. దొరికాక నా చేతిలో పెట్టి, "ఏనుగుని మేపుకోండమ్మా" అన్నాడు. మోటారు వేశాను. గొట్టాల్లోకి గాలి నిండుతున్న చప్పుడు వినగానే చెప్పులు విడిచి పెడళ్ళ మీద కాళ్ళు పెట్టానురా. మొదటి పాటకి చర్చి మొత్తం ఒకే శృతిలో లేచింది. గంటాయన కూడా దారిలోకి వచ్చాడు. బేకరీ ఆవిడా, సెలూన్ ఆయనా ఒకే బల్ల మీద కూర్చున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. సూర్యుడి కరెంటుకి ఆర్గన్ గొంతు తియ్యగా అయిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. అదేం ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను. ఈసారికి నోరు కట్టేసుకున్నాను, నన్ను మెచ్చుకో.

అద్దంలో చూశాను. చివరి బల్ల, స్తంభం పక్కన, మీ బావ. కళ్ళు మూసుకునే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డబ్బు పెట్టి కూడా నిద్రేనా అనుకున్నాను. ఆ కోపంలోనే మిగతా పాటలన్నీ వాయించాను. బాగా వచ్చాయన్నారు అందరూ.

ఇంటికొచ్చాక అడగకూడదనుకున్నాను. అడిగాను. "హాయిగా నిద్రపోయావుగా, ఎలా ఉంది నా వాయింపు?" అన్నాను.

"ఎవరు నిద్రపోయారు?" అన్నాడు. చెప్పులు విప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "మూడో పాట చివర్లో నీ ఎడమ చెయ్యి తప్పింది. ఎప్పుడూ తప్పే చోటే" అన్నాడు.

తమ్ముడూ, నేనక్కడ తప్పుతానని ఇన్నేళ్ళుగా నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

మీ అక్క